గరగర సెట్టుది కాదు, ఇంటిది

"విజయవాడ స్టేషన్ గరగరమంటోంది, సెట్టు పోయింది." సింగరాయకొండ వైపు ఈ ఒక్క మాట నమ్మి, పనిచేసే రేడియోలను పాతసామాన్ల బండికి తూకానికి వేస్తున్నారు. సెట్టు పోలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ మాట ఆగడం లేదు.

ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. సింగరాయకొండకు నేరుగా సుమారు 150 కిలోమీటర్లు. 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌కు పగటిపూట అదేమంత దూరం కాదు. మారింది మన ఇల్లు. ఎల్‌ఈడీ బల్బు, ఫోను ఛార్జరు, ఇన్వర్టరు కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతుంటాయి. ఆ రొద మీడియం వేవ్ అంతటా పరుచుకుంటుంది. రేడియో దాన్నీ పట్టుకుని వినిపిస్తుంది. రేడియోలో బ్యాటరీలు వేసి, ఇంటి మెయిన్‌ను, ఇన్వర్టరునూ ఆపి చూడండి. గరగర తగ్గితే తప్పు ఇంట్లోనే ఉంది. స్విచ్చులన్నీ ఆపి, మెయిన్ మళ్లీ వేసి, ఒక్కొక్కటే వేస్తూ వస్తే ఏ బల్బుదో తెలిసిపోతుంది. తగ్గకపోతే పక్కింటి బల్బు కావచ్చు, సెట్టును పొలానికి తీసుకెళ్లి వినండి. అక్కడా అలాగే ఉంటేనే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. అంతేగానీ తూకానికి వేయకండి. తుఫాను రాత్రి కరెంటు, సెల్ టవరు రెండూ పోయినప్పుడు దగ్గర్లోని పాకల తీరంలో కబురు చెప్పగలిగేది ఈ సెట్టే.

ఇలాంటి అపోహలు ఇంకా ఉన్నాయి. ఏరియల్ పొడవుగా లాగితే మీడియం వేవ్ బాగుపడదు, అది ఎఫ్‌ఎంకి. మీడియం వేవ్‌ను పట్టేది లోపలి ఫెర్రైట్ కడ్డీ, కాబట్టి సెట్టునే తిప్పాలి. డబ్బా మీది పీఎంపీఓ (క్షణికపు గరిష్ఠ శక్తి) వాట్లు నాణ్యతకు కొలత కావు. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ ఎంత గట్టిగా ఉందో చూపుతుంది, ఎంత బాగుందో చూపదు.

చెక్కపెట్టె రేడియోకు సాటి లేదన్న పెద్దల మాట మాత్రం కొంతవరకు ఒప్పుకోవాల్సిందే. పెద్ద స్పీకరు, వెడల్పాటి పెట్టె వల్ల మంద్రస్వరం నిండుగా పలుకుతుంది. కానీ మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జే. పక్క స్టేషన్ కలవకుండా సెట్టు పైస్వరాలను కోసేస్తుంది. వాటిని ఏ చెక్కా తిరిగి తేలేదు.

రెండు సెట్లు పోల్చాలంటే ఒకే గదిలో, ఒకే చోట, ఒకే స్టేషన్ పెట్టి, రెండింటి శబ్దం సమానం చేసి వినండి. గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. గది మూలన పెడితే మంద్రం ఉబ్బి మాట మసకబారుతుంది, గోడకు కాస్త ఎడంగా ఉంచండి. పాటలు వద్దు, వార్తలు పెట్టండి. స, శ, ష తేడా ఏ సెట్టులో తెలుస్తోందో అది తీసుకోండి.