బాట అందరిది, భారమెవరిది?

మంచి బాట కావలెనని కోరనివాడు లేడు. దానికై పన్ను కట్టుదునని ముందునకు వచ్చువాడును లేడు. అవ్వా కావలె, బువ్వా కావలె ననుట ఒక్క దేశమునకు చెందిన గుణము కాదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున 2013లో శాసనసభా సమావేశముల చివరి రెండు దినములలో జరిగిన బేరసారములను పరికించినచో, ప్రజాస్వామ్యమున ఈ చిక్కుముడి ఎట్లు విడివడునో కొంత తెలియగలదు.

వర్జీనియా రాజధాని రిచ్మండు నగరము. అచటి శాసనసభకు 100 మంది సభ్యులు గల ప్రతినిధుల సభ, 40 మంది గల సెనేటు అను రెండు అంగములు కలవు. అచటి గవర్నరు కేంద్రము నియమించిన వ్యక్తి కాడు. ప్రజలు నేరుగా ఎన్నుకొను పాలకుడు. బేసి సంఖ్య గల సంవత్సరములలో శాసనసభ సాధారణముగా 46 దినములు మాత్రమే కూడును.

ఆ రాష్ట్రమున 1986లో గవర్నరు జెరాల్డు బేలైల్సు పట్టుదలతో గ్యాలను పెట్రోలుపై పన్ను 17.5 సెంట్లుగా నిర్ణయింపబడెను. పిదప పాతికేండ్లకు పైగా దానిని ఎవరును కదల్పలేదు. పన్ను గ్యాలనుపైననే గాని ధరపై కాదు. కంకర ధర పెరిగెను, తారు ధర పెరిగెను, కూలి పెరిగెను. పన్ను మాత్రము ఉన్నచోటనే ఉండెను. అంతేకాక కార్లు అదే గ్యాలనుతో మునుపటికంటె ఎక్కువ దూరము పోవసాగెను. పాత రోడ్ల మరమ్మతుకే ధనము చాలక, కొత్త రోడ్లకు ఉద్దేశించిన సొమ్మును అందులకు మరల్చిరి. ఇట్లే సాగినచో 2017 నాటికి కొత్త రోడ్లకు రాష్ట్రమువద్ద ధనమే మిగులదని హెచ్చరికలు వెలువడెను. వాషింగ్టను నగరమును ఆనుకొనియున్న ఉత్తర వర్జీనియాలో మన తెలుగు కుటుంబములును పెక్కు కలవు. కచేరీకి పోవువారు గంటలకొలది రోడ్డుపై చిక్కుకొనుట అచటివారికి నిత్యానుభవము.

అంతకుముందు 2007లో ఒక ప్రయత్నము జరిగినది. ఉత్తర వర్జీనియాలో పన్ను విధించు పనిని శాసనసభ ఒక ప్రాంతీయ సంస్థకు అప్పగించినది. ప్రజలెన్నుకొనిన సభ తప్ప ఇతరులు పన్ను విధింపరాదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2008లో దానిని కొట్టివేసినది. నెత్తిమీది బరువును పక్కవాని నెత్తికెత్తుట సాధ్యము కాదని అప్పుడు తేలినది.

2013 జనవరిలో గవర్నరు బాబ్ మెక్డొనెల్ ఒక విచిత్రమైన ప్రతిపాదన చేసెను. పెట్రోలు పన్నును పూర్తిగా తీసివేసి, అమ్మకపు పన్నును 5 శాతమునుండి 5.8 శాతమునకు పెంచవలెనట! పెట్రోలు వాడకము తగ్గుచున్నది గనుక ఆ పన్ను ఎండిపోవుచున్న బావి యని ఆయన వాదము. కారు లేని వృద్ధురాలు బట్టలు కొన్నప్పుడు రోడ్డు సుంకము కట్టుటయు, పొరుగు రాష్ట్రమునుండి వచ్చిన లారీ ఊరక పోవుటయు ఏమి న్యాయమని ఎదుటివారు ప్రశ్నించిరి. రెండు వాదములలోను సత్యము కలదు.

తుదకు ఉభయ సభల ప్రతినిధులు కూర్చుండి ఒక రాజీకి వచ్చిరి. గ్యాలనుపై సెంట్ల పన్ను తీసివేసి, టోకు ధరపై పెట్రోలునకు 3.5 శాతము, డీసెలునకు 6 శాతము విధించిరి. అమ్మకపు పన్నును 5.3 శాతము చేసిరి. రద్దీ మిక్కుటముగా నుండు ఉత్తర వర్జీనియా, హాంప్టన్ రోడ్సు ప్రాంతములలో అది 6 శాతము. ఈసారి ఈ ప్రాంతీయ పన్నును శాసనసభయే స్వయముగా విధించినది.

ఫిబ్రవరి 22న ప్రతినిధుల సభ 60-40 ఓట్లతో ఆమోదించెను. సెనేటులో రెండు పక్షములకు చెరి 20 స్థానములుండెను. పేదల వైద్యసహాయ పథకమగు మెడికెయిడ్ విస్తరణకు దారి చూపినగాని రోడ్ల బిల్లునకు ఓటు వేయమని డెమోక్రాట్లు పట్టుబట్టిరి. రోడ్డునకును వైద్యమునకును ఏమి సంబంధము? సమావేశముల తుదిఘడియలలో అన్నిటికిని సంబంధము ఏర్పడును. ఆ విస్తరణను పరిశీలించు సంఘమునకు ఆయవ్యయ పట్టికలో చోటు కల్పించిరి. 23వ తేదీన, సమావేశముల చివరి దినమున, సెనేటు 25-15 ఓట్లతో బిల్లును గట్టెక్కించినది. తమ పక్షపు గవర్నరు బిల్లును కాదన్న రిపబ్లికన్లు పలువురు. దానిని నిలబెట్టిన డెమోక్రాట్లును పలువురు.

అది నిర్దోషమైన శాసనము కాదు. పెట్రోలును పొదుపుగా వాడు హైబ్రిడ్ కార్లపై విధించిన 64 డాలర్ల రుసుమును మరుసటి సంవత్సరమే రద్దు చేసిరి. 2020లో మరల గ్యాలనుపై సెంట్ల పన్నుకే వచ్చిరి: మొదట 21.2, మరుసటి ఏడు 26.2 సెంట్లు, ఆపై ధరల సూచికను అనుసరించి మారునట్లు ఏర్పాటు. తీసివేయబూనిన పన్నే తిరిగి వచ్చి కూర్చుండెను! కాని ఈసారి అది కాలముతోపాటు నడచుట నేర్చినది.

గడువు మీదపడినగాని కదలకుండుట శాసనకర్తల లోపమే. ఒకదానికొకటి పొంతనలేని విషయములను ముడివేయుటయు ప్రశంసనీయము కాదు. అయినను, ఓటర్లకు కోపము తెప్పించు పనిని కోర్టులపైనను, ప్రాంతీయ సంస్థలపైనను, రాబోవు తరముపైనను నెట్టక, తమ పేరుతో తామే ఓటు వేసినవారిని తక్కువ చేయరాదు. రోడ్డుపై పోవువాడు ఏ పక్షమువాడని గుంత అడుగదు. దానిని పూడ్చు సొమ్మునకు మాత్రము ఎవరో ఒకరు సభలో లేచి ‘ఔను’ అనవలసియున్నది.