ఆరుగురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు

6–2. 1898 మార్చి 28న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో న్యాయమూర్తుల లెక్క ఇది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్‌-1బి వీసా మీద ఉన్న తెలుగు దంపతులకు బిడ్డ పుడితే ఆ బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు వస్తూ ఉండటానికి ఆధారం ఆ తీర్పే. దాన్ని సాధించినవాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో వంటపని చేసుకుని బతికే పాతికేళ్ల యువకుడు. పేరు వాంగ్ కిమ్ ఆర్క్.

1873లో ఆ ఊరి చైనాటౌన్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు చైనీయులు, కొన్నేళ్లకు స్వదేశం వెళ్లిపోయారు. 1894 నవంబరులో వాంగ్ చైనా ప్రయాణం కట్టాడు. తిరిగి రానివ్వరేమోనన్న జాగ్రత్తతో ముందే ఒక కాగితం రాయించుకున్నాడు. తాను శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పుట్టానని అందులో ఉంది, కింద ముగ్గురు తెల్లవారి సాక్షి సంతకాలు, పక్కన అంటించిన ఫొటో. పుట్టిన ఊరికి తిరిగి రావడానికి ఇరుగుపొరుగు తెల్లవాళ్ల సాక్ష్యం కావలసిన రోజులవి. అయినా అది పనిచేయలేదు. 1895 ఆగస్టులో కోప్టిక్ అనే ఓడలో తిరిగొస్తే కస్టమ్స్ అధికారి దిగనివ్వలేదు. చైనా కూలీలను దేశంలోకి రానివ్వని 1882 నాటి చట్టం వాంగ్‌కూ వర్తిస్తుందన్నాడు. తీరం కళ్లెదుట కనిపిస్తూనే ఉంది, ఒక ఓడ వెళ్లిపోతుంటే మరో ఓడలోకి మారుస్తూ నెలల తరబడి నీటి మీదే ఉంచారు. 1896 జనవరి 3న జిల్లా కోర్టు వాంగ్ పక్షాన తీర్పిచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

కేసంతా రాజ్యాంగ 14వ సవరణలోని మొదటి వాక్యం చుట్టూ తిరిగింది. అమెరికాలో పుట్టి, ఆ దేశ అధికార పరిధికి లోబడి ఉన్నవారందరూ పౌరులేనని దాని సారాంశం. ఆ వాక్యం కూడా ఒక తీర్పుకు జవాబుగా పుట్టిందే. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో 7–2తో సుప్రీంకోర్టు నల్లజాతివారు, బానిసలైనా స్వతంత్రులైనా, అమెరికా పౌరులు కాలేరని చెప్పింది. అంతర్యుద్ధం జరిగి లక్షల ప్రాణాలు పోయాక, 1868 జూలై 9న 14వ సవరణ అమల్లోకి వచ్చి ఆ మాటను తుడిచేసింది.

అధికార పరిధికి లోబడటమంటే ఏమిటన్నది మిగిలిన ప్రశ్న. 1884లో జాన్ ఎల్క్ అనే ఆదివాసీ తన తెగను వదిలి ఒమాహా నగరంలో స్థిరపడి ఓటు హక్కు అడిగితే, తెగలో పుట్టినవాడు పుట్టుకతో పౌరుడు కాడని 7–2తో తోసిపుచ్చారు. ఆ తీర్పు రాసింది జస్టిస్ హొరేస్ గ్రే, ఎల్క్ తరఫున అసమ్మతి రాసింది జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్. పద్నాలుగేళ్ల తర్వాత వాంగ్ కేసులో ఆ ఇద్దరే అటూ ఇటూ మారారు. వాంగ్‌ను పౌరుడిగా గుర్తించిన మెజారిటీ తీర్పు గ్రే కలం నుంచి వచ్చింది. 1896లో నల్లవారికీ తెల్లవారికీ వేర్వేరు రైలు పెట్టెలు సబబేనని 7–1తో తేల్చిన ప్లెసీ కేసులో ఒంటరిగా ఎదురు నిలిచిన హార్లన్, చైనీయుల బిడ్డ దగ్గరకు వచ్చేసరికి చీఫ్ జస్టిస్ ఫుల్లర్‌తో కలిసి కాదన్నాడు. హార్లన్‌ను వీరుడిగా కొలిచే పుస్తకాలు ఈ సంగతిని తరచుగా దాటేస్తాయి. దాటేయకూడదని నా అభిప్రాయం. మనకు ఇష్టమైన న్యాయమూర్తి అన్ని వేళలా మన పక్షానే ఉంటాడనుకుంటే ఈ కోర్టు చరిత్ర అర్థం కాదు.

గ్రే మినహాయింపులు గుర్తించాడు గానీ అవి కొన్నే: విదేశీ రాయబారుల పిల్లలు, విదేశీ ప్రభుత్వ నౌకలపై పుట్టినవారు, ఆక్రమించిన శత్రుసేనలకు పుట్టినవారు, ఆదివాసీ తెగల పిల్లలు. మిగతావారంతా పుట్టుకతో పౌరులే. ఆదివాసీల మినహాయింపును 1924లో కాంగ్రెస్ చట్టం చేసి తీసేసింది.

గెలిచినా వాంగ్‌కు ఊరట దక్కలేదు. 1901లో టెక్సస్‌లోని ఎల్‌పాసోలో ఇమిగ్రేషన్ అధికారులు పట్టుకుని, అక్రమంగా ఉన్న చైనీయుడంటూ కేసు పెట్టారు. తన పేరు మీదే సుప్రీంకోర్టు తీర్పున్న మనిషి 300 డాలర్ల పూచీకత్తు మీద బయటికి రావాల్సి వచ్చింది.

పుట్టుకతో పౌరసత్వం రాజ్యాంగం ఇచ్చింది. బయటి నుంచి వచ్చినవారికి పౌరసత్వం ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం కాంగ్రెస్ చట్టం చేతిలో ఉండిపోయింది. 1790 చట్టం ప్రకారం స్వేచ్ఛాజీవులైన తెల్లవారికే ఆ అవకాశం. 1870లో ఆఫ్రికా మూలాలవారిని చేర్చారు. ఆసియావారి మాట ఎత్తలేదు.

దాని ఫలితం 1922–23లో భారతీయుల మెడకు చుట్టుకుంది. 1922 నవంబరు 13న టకావో ఒజావా అనే జపనీయుడికి కోర్టు చెప్పిన మాట: తెల్లవారంటే కాకేసియన్ జాతివారు, నువ్వు కాకేసియన్‌వి కావు. సరిగ్గా 98 రోజుల తర్వాత, 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థిండ్ కేసు తేలింది. పంజాబ్ నుంచి 1913లో వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు ఆయన. నాటి జాతిశాస్త్రం ఉత్తర భారతీయులను కాకేసియన్లంటోంది కదా, నేనూ తెల్లవాణ్నేనని వాదించాడు. అగ్రకుల ఆర్య రక్తాన్ని కూడా ఆ వాదనలో అడ్డం పెట్టుకున్నారు, అది చదువుతుంటే బాధ కలుగుతుంది. కోర్టు ప్లేటు ఫిరాయించింది. శాస్త్రం ఏమన్నా సరే, సామాన్య అమెరికన్ దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావంది. రెండు తీర్పులూ రాసింది ఒక్కరే, జస్టిస్ సదర్లాండ్. రెండూ ఏకగ్రీవమే. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు పదుల సంఖ్యలో దాన్ని పోగొట్టుకున్నారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగింది ఆ ఏడాది అక్టోబరులోనే. హార్వర్డ్‌లో పరిశోధన చేశాడు, లెడర్లీ మందుల కంపెనీలో ప్రపంచానికి మందులు అందించాడు. అక్కడ గడిపిన దాదాపు పాతికేళ్లలో 23 ఏళ్లు చట్టం ఆయనకు పౌరసత్వం తలుపు మూసే ఉంచింది. 1946లో లూస్–సెల్లర్ చట్టం ఆ తలుపు తీసి, భారతీయుల వలసకు ఏడాదికి 100 మంది కోటా పెట్టింది. 1948లో పౌరసత్వం లేకుండానే ఆయన కన్నుమూశాడు.

అలాంటి కాలంలో వాంగ్ తీర్పు విలువ ఎంతో ఒక పొలం చెబుతుంది. పౌరసత్వానికి అర్హత లేనివారు సాగుభూమి కొనరాదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది. 1934లో కజీరో ఒయామా అనే జపాన్ రైతు అక్కడే ఆరెకరాలు కొని, ఆరేళ్ల కొడుకు పేరున రాయించాడు. కొడుకు అమెరికాలో పుట్టాడు గనుక పౌరుడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలవారిని పశ్చిమ తీరం నుంచి వెళ్లగొట్టాక, 1944లో, ఆ భూమిని స్వాధీనం చేసుకోవడానికి రాష్ట్రం దావా వేసింది. 1948లో సుప్రీంకోర్టు 6–3తో పిల్లవాడి పక్షం వహించింది. తండ్రి జాతిని చూపి పౌరుడైన కొడుకు ఆస్తి లాక్కోవడం వివక్షేనంది. ఆ కుటుంబానికి నేల మిగిలిందంటే, కొడుకు పుట్టుకకు రాజ్యాంగం అండ ఉండటం వల్లే.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు సరిగ్గా ఈ అండ మీదే దెబ్బ వేసింది. తల్లి అక్రమంగా గానీ తాత్కాలిక వీసా మీద గానీ ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే, బిడ్డను పౌరుడిగా గుర్తించరాదని అందులో ఉంది. 30 రోజుల గడువు తర్వాత పుట్టేవారికి ఇది వర్తిస్తుందన్నారు. ఆ గడువు ముగిసేది ఫిబ్రవరి 19న, థిండ్ తీర్పుకు 102 ఏళ్లు నిండిన రోజు. ఆలోపే కాన్పు అయిపోవాలని నెలలు నిండకుండానే సిజేరియన్ కోసం వాకబు చేస్తున్న భారతీయ దంపతుల గురించి అప్పట్లో వార్తలొచ్చాయి. సంతకమైన మూడు రోజులకే సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఉత్తర్వును ఆపేశారు. జూన్ 27న సుప్రీంకోర్టు 6–3తో, కింది కోర్టులు ఇచ్చే దేశవ్యాప్త నిషేధాలకు హద్దులు గీసింది గానీ అసలు ప్రశ్న జోలికి పోలేదు. జూలై 10న న్యూహ్యాంప్‌షైర్ జడ్జి పిల్లలందరినీ ఒక వర్గంగా గుర్తించి మళ్లీ అడ్డుకున్నారు. డిసెంబరు 5న సుప్రీంకోర్టు అసలు ప్రశ్ననే విచారణకు స్వీకరించింది.

ప్రభుత్వం పట్టుకున్నది వాంగ్ తీర్పులోని ఒక వివరాన్ని. వాంగ్ తల్లిదండ్రులు అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నవారని అందులో ఉంది, వీసావాళ్లు అలా కాదు కదా అని వాదన. ఇది నిలబడే వాదనగా నాకు కనిపించదు. గ్రే చెప్పిన మినహాయింపుల్లో తాత్కాలికంగా ఉండేవారు లేరు. హెచ్‌-1బి ఉద్యోగి అమెరికాకు పన్ను కడతాడు, తప్పు చేస్తే అమెరికా జైలుకే వెళతాడు. ఇంతకంటే అధికార పరిధికి లోబడటం ఇంకెలా ఉంటుంది?

పైగా ఆ తాత్కాలికత వీసాదారులు కోరి తెచ్చుకున్నది కాదు. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000. ఒక్కో దేశానికి పరిమితి 7 శాతం, అంటే మామూలు లెక్కన 9,800. 140 కోట్ల జనమున్న దేశానికైనా చిన్న ద్వీపానికైనా అదే పరిమితి. ఏళ్ల తరబడి వరసలో నిలబెట్టి, మీరింకా స్థిరపడలేదు గనుక మీ బిడ్డ మావాడు కాదనడం అన్యాయం. 14వ సవరణను మార్చాలంటే కాంగ్రెస్ ఉభయసభల్లో మూడింట రెండొంతుల మెజారిటీ, 50లో 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. ఆ 7 శాతాన్ని మార్చడానికి మామూలు చట్టం చాలు. 1946లో నూరుమంది కోటాను తెచ్చిందీ, 1965లో దేశాలవారీ పాత కోటాలను ఎత్తేసిందీ అలాంటి చట్టాలే.