కిటికీలు మూశాం... పుదీనా తెచ్చుకున్నాం!

పుదీనా అనగానే పచ్చడి చెబుతానేమో అనుకుంటున్నారా? కాదండీ, ఇది కంప్యూటరు సంగతి. ఆ పుదీనా ఏమిటో కాస్త ఆగి చెబుతాను. 'ఇల్లాలికి కంప్యూటరుతో ఏం పనమ్మా' అని మాత్రం నవ్వకండి. మిక్సీ పాడైతే రోలు ఉంది. కంప్యూటరు పాడైనప్పుడే నాకు ఏడుపొచ్చింది.

మాది గోదావరిఖని. యైటింక్లైన్ కాలనీలో కంపెనీ క్వార్టరు. మా ఆయనది బాయి పని. ఇంట్లో కంప్యూటరు 2017లో పిల్లల చదువు కోసమని కొన్నాం. పిల్లలు హైదరాబాదు వెళ్ళిపోయాక అది నా పాలబడింది. పొద్దున ఆయన మొదటి షిఫ్టుకు టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళాక, దాని మీద కప్పిన పాత చీర ముక్క తీసి, బొగ్గు దుమ్ము దులిపి కూర్చుంటాను. మహిళా సంఘం పొదుపు లెక్కలు అందులోనే. కాలనీ వాళ్ళకు అర్జీలు, సెలవు చీటీలు, డిపెండెంటు ఉద్యోగం దరఖాస్తులు టైపు చేసి పెడతాను, పేజీకి ఇరవై రూపాయలు. దుబాయిలో ఉన్న మా తమ్ముడు రాసే మెయిళ్ళు కూడా అందులోకే వచ్చేవి.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగితే మా ఇంటి కిటికీలు గడగడలాడతాయి. 2025లో కంప్యూటరులో కిటికీలకూ ఆ గతి పట్టింది. విండోస్ అంటే కిటికీలే కదా! విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేస్తామని ఆ కంపెనీ వాళ్ళు ముందే ప్రకటించారు. ఆ రోజు నుంచి కంప్యూటరు ఆగిపోతుందని కాదు. నడుస్తుంది. కాని దొంగలు కొత్తగా కనిపెట్టే దారులకు అడ్డుకట్ట వేసే మరమ్మతులు ఇక రావు. విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం అనే రక్షణ చిప్పు, కాస్త కొత్త ప్రాసెసరు కావాలి. 2017 నాటి మా పెట్టె సరిపోలేదు. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు 2026 అక్టోబరు 13 దాకా ఏడాది గడువు ఇచ్చారు గాని, ఏడాది తరవాతైనా మళ్ళీ అదే గొడవ!

కొత్తది కొందామా అంటే, దసరాకు వచ్చిన లాభాల వాటా చిన్నదాని హాస్టలు ఫీజుకు పోయింది. దీపావళి బోనసు మా అత్తమ్మ కంటి ఆపరేషనుకు. "ఇంక పైసలు యాడున్నయే?" అన్నారు ఆయన. అప్పుడు మా వాడకట్టులో కంప్యూటర్లు బాగుచేసే పిల్లవాడు చెప్పాడు, "అక్కా, లినక్స్ మింట్ వేస్త. పైస కర్చు లేదు, పాత డబ్బా మంచిగ ఉరుకుతది" అని. మింట్ అంటే పుదీనా. దాని తెర అలంకారం పేరు సినమన్, అంటే దాల్చినచెక్క. ఈ పేర్లు పెట్టినవాళ్ళు వంటింట్లో కూర్చునే పెట్టారేమో మరి!

పోయిన ఉత్తరాలు

ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ పిల్లవాడు అడిగాడు, "బ్యాకప్ తీసుకున్నవా అక్కా?" అని. తీసుకున్నానన్నాను. ఫొటోలు, డాక్యుమెంట్లు అన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించాను. మెయిళ్ళ సంగతి తట్టలేదు. అవి ఎక్కడో గాలిలో ఉంటాయి కదా, ఎప్పుడు తెరిస్తే అప్పుడు వస్తాయి అనుకున్నాను.

మెయిలు రెండు రకాలుగా వస్తుందట. ఒకటి పాప్ పద్ధతి. పోస్టుమ్యాను ఉత్తరం ఇంటికి తెచ్చి ఇచ్చేసినట్టు మెయిలు మన కంప్యూటరులోకి దిగిపోతుంది, కాపీ ఉంచమని ప్రత్యేకంగా చెప్పకపోతే అవతల ఇక ఏమీ మిగలదు. రెండోది ఐమాప్. ఉత్తరాలు పోస్టాఫీసు బీరువాలోనే ఉంటాయి, ఫోనులోంచి గాని కంప్యూటరులోంచి గాని మనం వెళ్ళి చదువుకుంటాం. నాది మొదటి రకం. కొన్నప్పుడు ఎవరో అలా పెట్టి వెళ్ళారు. ఎనిమిదేళ్ళ మెయిళ్ళు ఏదో లోపలి ఫోల్డరులో ఒకే పెద్ద ఫైలుగా కూర్చుని ఉన్నాయి. డిస్కు తుడిచేయగానే అవీ పోయాయి.

మా అమ్మకు చదువు రాదు. తమ్ముడు వారానికోసారి రాసిన మెయిలు నేను చదివి వినిపించేదాన్ని. "మల్లా ఒకపారి సదువు బిడ్డా" అనేది. ఒక్కో ఉత్తరం మూడేసిసార్లు చదివించుకునేది. 2021లో అమ్మ పోయింది. ఆ మెయిళ్ళ మధ్యలో నేను అమ్మ చెప్పినవి చెప్పినట్టు రాసిన జవాబులు కూడా ఉన్నాయి. అదంతా పోయిందని తెలిసిన రోజు పొయ్యి మీద పప్పు మాడింది, నాకు వాసన కూడా తెలియలేదు.

అందుకే చెబుతున్నాను. ఆపరేటింగ్ సిస్టం మార్చబోయే ముందు మీ మెయిలు ఎక్కడ నిలవ ఉందో అడిగి తెలుసుకోండి. పాప్ అయితే, పాత సిస్టం ఉండగానే అదే ఖాతాను ఐమాప్‌గా కూడా కలిపి, పాత మెయిళ్ళను ఆ ఫోల్డర్లలోకి లాగి వదలండి. అవి పైకి వెళ్ళి కూర్చుంటాయి. కొత్త సిస్టంలోంచి తెరిస్తే దిగుతాయి. ఒక రాత్రి పట్టినా పట్టనివ్వండి.

ఏ మెయిలు, ఏ ఆఫీసు?

ఇప్పుడు నేను వాడుతున్నది థండర్‌బర్డ్. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ళదే, 2004 నుంచి ఉంది. మింట్‌తో పాటే వస్తుంది. జీమెయిల్ ఖాతా పేరు, పాస్‌వర్డు ఇస్తే ఐమాప్ పద్ధతిలో అదే కలుపుకుంటుంది. దాని ఉత్తరాలన్నీ ఒక్క ఫోల్డరులో ఉంటాయి. ఫైళ్ళు చూసే చోట కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లలో థండర్‌బర్డ్ పేరుతో కనిపిస్తుంది. నెలకోసారి అమావాస్య నాడు దాన్ని పెన్ డ్రైవులోకి కాపీ చేస్తాను. అమావాస్య ఎందుకంటే నాకు గుర్తుంటుందని, అంతే!

బ్రౌజరులోనే మెయిలు చూసుకునేవాళ్ళకు ఇవేవీ అక్కరలేదు. 2025లో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల మెయిళ్ళను మన చెన్నై కంపెనీ జోహోకు మార్చింది, సుమారు 12 లక్షల మందివి. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టీన్ అనే రాష్ట్రం అదే ఏడాది 40 వేలకు పైగా మెయిలు పెట్టెలను కొత్త చోటికి తరలించి, సిబ్బందికి థండర్‌బర్డ్ ఇచ్చింది. ఆ రాష్ట్రం అంతకు ముందే, 2024లో, ముప్పై వేల కంప్యూటర్లలో లిబ్రే ఆఫీసు పెట్టాలని నిర్ణయించింది. అంత పెద్ద సర్కారు చేసిన పని నేను ఒక్కదాన్ని ఒక్క పెట్టెలో చేశాను కదా అని కాస్త గర్వంగా ఉంటుంది, దాచడమెందుకు!

లిబ్రే ఆఫీసుకు కూడా పుట్టుక జర్మనీలోనే. స్టార్ ఆఫీస్ అని మొదలై, 1999లో అమెరికా కంపెనీ సన్ చేతికి వెళ్ళి, ఓపెన్ ఆఫీస్‌గా మారి, 2010లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు వేరుపడి లిబ్రే ఆఫీసుగా నిలబెట్టారు. ఉచితం. సంఘం లెక్కల ఫైలు తెరిస్తే కూడికలు, వడ్డీ లెక్కలు అన్నీ సరిగ్గా వచ్చాయి. ఒక్కటే చిక్కు. లక్షకు కామాలు దొరల పద్ధతిలో పడ్డాయి! 100,000 అని చూసి మా సంఘం లీడరమ్మ "గిదేంది, పది వేలా లచ్చా?" అని బెంబేలు పడింది. టూల్స్, ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర లొకేల్ 'ఇంగ్లీష్ ఇండియా' అని మార్చి, ఆ గడులకు రూపాయి ఫార్మాటు మళ్ళీ ఇస్తే 1,00,000 అయింది.

ఇంకో మాట. ఇది ఫైళ్ళను తన సొంత ఓడీటీ, ఓడీఎస్ పద్ధతిలో దాస్తుంది. బ్యాంకుకో, మీ సేవకో పంపేటప్పుడు వర్డ్, ఎక్సెల్ పద్ధతిలో సేవ్ చేయండి. మార్చనక్కరలేని కాగితమైతే పీడీఎఫ్ చేసి పంపండి. మేక్రోలు పెట్టి ఎవరో తయారుచేసిన జీతం లెక్కల ఫైలు మా పక్కింటి వాళ్ళది ఇందులో సరిగా నడవలేదు. అలాంటివి ఎక్కువగా వాడేవాళ్ళు తొందరపడకండి. ఓన్లీ ఆఫీస్ అని ఇంకొకటుంది, చూడటానికి వర్డులాగే ఉంటుంది, అలవాటు తప్పకూడదు అనుకునేవాళ్ళకు బాగుంటుంది. గూగుల్ డాక్స్, జోహో రైటర్ వంటివి నెట్‌లో నడుస్తాయి. నెట్ పోతే చేతులు ముడుచుకుని కూర్చోవాలి కనుక నాకు నచ్చలేదు. అర్జీ కోసం వచ్చినాయన నైట్ షిఫ్టు దిగి నిద్రకళ్ళతో గుమ్మంలో నిలబడతాడు. నెట్ వచ్చాక రా అన్నా అంటే బాగుంటుందా?

తెలుగు అక్షరాల గొడవ

అన్నిటికన్నా ఎక్కువ విసిగించింది ఇదే. పాత అర్జీలన్నీ నేను అను ఫాంట్లలో టైపు చేసినవి. లినక్స్‌లో తెరిస్తే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, పిచ్చి గుర్తులు! అత్తమ్మ పింఛను కోసం రాసిన కాగితాల కాపీలన్నీ అందులోనే ఉన్నాయి. ఫైలు పాడైందని గుండె జారిపోయింది. పాడవలేదు. ఆ కాలపు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు పెట్టుకున్నవి. ఫాంటు లేకపోతే అడుగున ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు ఉన్నాయి, ఎక్కడ తెరిచినా తెలుగే.

కొన్న ఫాంటు ఫైలు మీ దగ్గర ఉంటే లినక్స్‌లో పెట్టుకుని పాతవి చదువుకోవచ్చు. కొత్తగా టైపు చేయడానికి మాత్రం యూనికోడే మేలు. నెట్‌లో అను నుంచి యూనికోడ్‌కు మార్చే పేజీలున్నాయి. నేను ముఖ్యమైన పదిహేను కాగితాలు మార్చాను. ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి, ఒకసారి చదివి దిద్దుకోవాలి. మీరింకా మారకపోతే, పాత సిస్టంలోనే అన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి, అక్షరం చెదరదు.

టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు లినక్స్‌లో పెట్టుకోవచ్చు. ఐబస్ అనే దాంట్లో ఎంచుకోవాలి. నాది ఆపిల్ చేయి, వేళ్ళు పాత దారిలోనే నడిచాయి. పోతన, వేమన ఫాంట్లు ఉచితం. లిబ్రే ఆఫీసు మెనూలను కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ వాళ్ళు పూర్తి తెలుగు లినక్సే తయారుచేశారు.

వేసేముందు పెన్ డ్రైవులోంచి నడిపి చూడండి, మొదటి దోసె పోసి చూసినట్టు. డిస్కును ముట్టుకోకుండానే మింట్ అలా నడుస్తుంది. ప్రింటరు పలుకుతుందా, వైఫై దొరుకుతుందా చూసుకోవచ్చు. వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం వంటివి వాడేవాళ్ళు అవి నడుస్తాయో లేదో ముందే అడగండి. పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రానికి 2021 నవంబరు నుంచి ఫోనులో ముఖం చూపించే వీలు వచ్చింది కనుక ఆ ఒక్క దానికోసం విండోస్ పట్టుకు వేళ్ళాడక్కరలేదు.

అమ్మ ఉత్తరాల సంగతి అడుగుతారేమో. తమ్ముడితో ఫోనులో చెప్పి ఏడిస్తే వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అక్కా, నావి పోలేదు, నేను బ్రౌజరులనే రాస్తుంటి" అన్నాడు. వాడు పంపినవి వాడి సెంట్ ఫోల్డరులో, నేను అమ్మ మాటలు రాసినవి వాడి ఇన్‌బాక్సులో భద్రంగా ఉన్నాయట. శుక్రవారం సెలవు పూట కూర్చుని ఒక్కొక్కటే నాకు పంపాడు. ఇప్పటికి అరవై రెండు వచ్చాయి. థండర్‌బర్డ్‌లో వాటికో ఫోల్డరు చేసి 'అమ్మ' అని తెలుగులోనే పేరు పెట్టాను. మిగతావి వచ్చే శుక్రవారం పంపుతానన్నాడు.