గీక్ రాక్: సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి వారానికో పాట.. ఆ ట్యూన్‌నే టీవీ షో వాడేసుకుంది!

రాక్ మ్యూజిక్ అనగానే ఏం గుర్తొస్తుంది? పొడుగు జుట్టు, లెదర్ జాకెట్, స్టేజీ మీద గిటార్‌తో గెంతులు. కానీ అదే రాక్‌లో కళ్లజోడు పెట్టుకున్న క్లాస్ టాపర్ల బ్యాచ్ కూడా ఒకటుంది. కంప్యూటర్లు, కామిక్స్, వీడియో గేమ్స్, సైన్స్.. వీళ్ల పాటలన్నీ వీటి చుట్టూనే. దీన్నే గీక్ రాక్ అంటారు. మన దగ్గర 'పుస్తకాల పురుగు' అని ఏడిపిస్తారు చూడండి, అమెరికాలో అలాంటి వాళ్లే గీక్‌లు. ఆ వెక్కిరింపునే వీళ్లు బిరుదులా తగిలించుకున్నారు.

1980ల్లో న్యూయార్క్‌లో మొదలైన 'దే మైట్ బీ జెయింట్స్' బ్యాండ్ ఈ రూట్‌లో సీనియర్. ఓ నంబర్‌కు ఫోన్ చేస్తే ఆన్సరింగ్ మెషీన్‌లో వీళ్ల పాట వినిపించేది. యూట్యూబ్ లేని రోజుల్లో ఇంతకంటే గీక్ ఐడియా ఏముంటుంది? తర్వాత 1994లో వీజర్ బ్యాండ్ తన ఫస్ట్ ఆల్బమ్‌లోనే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్, ఎక్స్‌మెన్ పాత్రల మీద ఇష్టాన్ని పాటగా పాడేసింది.

ఇక జోనాథన్ కౌల్టన్ కథ అయితే మన ఐటీ జనాలకు బాగా కనెక్ట్ అవుతుంది. ఆయన న్యూయార్క్‌లో ప్రోగ్రామర్. 2005లో జాబ్ మానేసి, వారానికో పాట చొప్పున 52 వారాలు నెట్‌లో పెట్టారు. అందులో 'కోడ్ మంకీ' సూపర్ హిట్. పొద్దున లేచి ఆఫీస్‌కెళ్లి, మేనేజర్‌తో మాటలు పడి, రిసెప్షనిస్ట్‌ను మనసులోనే ఇష్టపడే కోడర్ పాట అది. హైటెక్ సిటీలో వింటే తెలిసినోళ్ల కథలాగే ఉంటుంది. 2007లో 'పోర్టల్' గేమ్ చివర్లో వచ్చే పాట రాసింది కూడా ఈయనే.

గొడవ 2013లో వచ్చింది. సర్ మిక్స్‌-ఎ-లాట్ 1992 నాటి ర్యాప్ హిట్ 'బేబీ గాట్ బ్యాక్'ను కౌల్టన్ అప్పటికే మెత్తటి గిటార్ పాటగా మార్చి, సొంత ట్యూన్ కట్టి పాడారు. ఫాక్స్ చానల్ షో 'గ్లీ'లో అచ్చం అదే ట్యూన్ వచ్చింది. లిరిక్స్‌లో ఆయన సరదాగా ఇరికించిన సొంత పేరునూ అలాగే పాడేశారు! క్రెడిట్ మాత్రం ఇవ్వలేదు. అడిగితే, పబ్లిసిటీ వచ్చిందని సంతోషించాలన్నట్టు జవాబొచ్చిందని కౌల్టన్ తన సైట్‌లో రాశారు.

మరి కేసు వేయొచ్చు కదా? చిక్కంతా అక్కడే. అమెరికా చట్టంలో పాట హక్కు అసలు రాసినవాళ్లదే. లైసెన్స్ ఫీజు కట్టి ఎవరైనా కవర్ చేయొచ్చు. కానీ ఆ కవర్‌కు కట్టిన కొత్త బాణీ మీద హక్కు కావాలంటే అసలు ఓనర్ విడిగా ఒప్పుకోవాలి. కౌల్టన్ ఆడియోనే నేరుగా వాడి ఉంటే లెక్క వేరు. బాణీని కాపీ కొట్టి మళ్లీ పాడించుకుంటే మాత్రం పట్టుకోవడం కష్టం. అంటే తప్పే అనిపించినా, కోర్టులో నిలబడకపోవచ్చు.

కౌల్టన్ రివెంజ్ కూడా గీక్ స్టైల్‌లోనే సాగింది. తన పాత రికార్డింగ్‌నే 'గ్లీ స్టైల్‌లో' అని పేరు మార్చి ఐట్యూన్స్‌లో పెట్టారు. అంటే 'గ్లీ'ని ఆయనే కవర్ చేసినట్టు! ఫిబ్రవరి నెలాఖరు వరకు దాని మీద వచ్చే డబ్బును స్కూల్ పిల్లల సంగీత శిక్షణకు, ఎల్‌జీబీటీ యువతకు అండగా నిలిచే సంస్థలకు ఇస్తానని ప్రకటించారు.