పద్దుల చదువు - పసుపు పంట

మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినచో బాల్కొండ, ఆర్మూరు, మోర్తాడు, కమ్మర్‌పల్లి ప్రాంతములలో కళ్లములన్నియు పసుపు రాశులతో నిండియుండును. త్రవ్విన పసుపును ఉడికించి, ఎండబోసి, మెరుగుపట్టి నిజామాబాదు మార్కెటు యార్డునకు తరలింతురు. అక్కడ రైతు చేతికి వచ్చునవి రెండు: కొంత సొమ్ము, ఒక తక్‌పట్టీ. సొమ్మును లెక్కించుకొనని వారుండరు. తక్‌పట్టీని ఆసాంతము చదువువారు మాత్రము తక్కువ. తూకమెంత, ధర యెంత, హమాలీ యెంత, ఇతర మినహాయింపులేవి అను విషయములన్నియు ఆ చిన్న కాగితముననే కలవు. దానిని చదివి ఇంటి పుస్తకమునకు ఎక్కింపగలవారు కుటుంబమున ఒక్కరైనను ఉన్నచో ఎంత మేలు! అయినను పిల్లలు బి.కాం.లో చేరెదమన్నప్పుడు, “కూడికలు, తీసివేతలే కదా, దానికి మూడేండ్లెందుకు?” అని పెద్దలు అడుగుట కలదు. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకే ఈ ప్రసంగము.

కూడికలు ఈ చదువులో అతిస్వల్ప భాగము. నేడు ఆ పని యంత్రములే చేయుచున్నవి. విద్యార్థి మొదట నేర్చునది జంటపద్దు విధానము. 1494లో వెనిసు నగరమున లూకా పాచియోలీ అను గణితవేత్త ప్రకటించిన గ్రంథమున దీని వివరణ అచ్చయినది. ఆయన దీనిని కనిపెట్టినవాడు కాడు. వర్తకులు అప్పటికే వాడుచున్న పద్ధతినే క్రమముగా వివరించెను. చిట్టా, ఆవర్జా, జమ, ఖర్చు అను మాటలు మన వర్తకుల ఇండ్లలోను చిరకాలముగా ఉన్నవే. కళాశాలలో డెబిట్, క్రెడిట్ అని పలుకునవి మనవారి ఖర్చు, జమలే.

ఒక చిన్న ఉదాహరణము చూతము. రైతు ఎరువుల దుకాణమున 6,000 రూపాయల ఎరువు అరువు తెచ్చెననుకొందము. నగదు చేతులు మారలేదు గనుక ఇంటి నోటు పుస్తకమున ఏమియు వ్రాయడు. జంటపద్దు తెలిసినవాడు అప్పుడే రెండు చోట్ల వ్రాయును: ఎరువుల ఖాతాకు ఖర్చు 6,000, దుకాణదారుని ఖాతాకు జమ 6,000. పంట అమ్మిన నాడు దుకాణదారుడు చెప్పిన అంకె విని తెల్లబోవలసిన పని యుండదు.

ఇచ్చట విద్యార్థులందరికి తగులు చిక్కు ఒకటి కలదు. మనము బ్యాంకులో సొమ్ము వేసినచో మన పుస్తకమున బ్యాంకు ఖాతాకు ఖర్చు వ్రాయుదుము; బ్యాంకువారి పాసుపుస్తకమున అదే సొమ్ము జమగా కనబడును. ఎవరిది తప్పు? ఎవరిదియు కాదు. పుచ్చుకొన్నవానికి ఖర్చు, ఇచ్చినవానికి జమ అనునది సూత్రము. మన పుస్తకమున పుచ్చుకొన్నది బ్యాంకు. బ్యాంకు పుస్తకమున ఇచ్చినవారము మనము. ఎవరి పుస్తకము ముందు కూర్చున్నామో తెలిసినచో సగము చదువు వచ్చినట్లే.

ఇక అసలు సంగతికి వత్తము. పసుపు జూనులో నాటి, జనవరి మొదలు మార్చి వరకు త్రవ్వు పంట. ఆర్థిక సంవత్సరమేమో మార్చి 31తో ముగియును. ఆనాటికి కొంత సరుకు అమ్ముడుపోయి, కొంత కళ్లములోనో శీతలగిడ్డంగిలోనో ఉండును. ఒక రైతు 1,60,000 రూపాయలు వెచ్చించి 20 క్వింటాళ్ల ఎండు పసుపు తీసెననుకొందము. క్వింటాలుకు 8,000 పడినది. మార్చి 31లోగా 12 క్వింటాళ్లను 10,000 చొప్పున అమ్మగా 1,20,000 వచ్చినది. చేతి నగదు చూచినవారు “నలుబది వేలు నష్టము” అందురు. పద్దులు తెలిసినవారు మిగిలిన 8 క్వింటాళ్లను ముగింపు సరుకుగా 64,000కు కట్టి, లాభము 24,000 అని తేల్చుదురు. అమ్మిన పండ్రెండు క్వింటాళ్లపై క్వింటాలుకు రెండు వేలు మిగిలినది కదా, లెక్క సరిపోయినది.

ఆనాడు ధర 7,000కు పడిపోయినచో? ముగింపు సరుకును 56,000కే కట్టవలెను. లాభము 16,000 అగును. ధర 12,000కు ఎగసినచో మాత్రము సరుకు విలువను పెంచరాదు. కొన్న విలువ, అమ్మిన వచ్చు విలువ, ఈ రెండింటిలో తక్కువదానినే తీసికొనవలెనని వర్తకులకు నియమము. రాబోవు నష్టమును ముందే ఒప్పుకొని, రాని లాభమును లెక్కింపకుండుటను మితవాద సంప్రదాయ మందురు. పండించిన పంట విషయమున కొన్ని కంపెనీలకు వేరు ప్రమాణము వర్తించును. అది పై తరగతుల మాట. గిడ్డంగిలోని సరుకుపై రేపటి ధర నూహించి నేడే అప్పుచేసి పెండ్లి పందిరి వేయించువారికి ఈ ఒక్క పాఠము చాలునని మా అభిప్రాయము.

పసుపు ఉడికించు యంత్రము కొన్నచో ఆ సొమ్మునంతయు ఒక యేటి ఖర్చుగా వ్రాయరాదు. అది మూలధన వ్యయము. ఏటేట తరుగుదలను మాత్రమే ఖర్చు వ్రాయవలెను.

తరువాతి సెమిస్టర్లలో వచ్చు కాస్ట్ అకౌంటింగ్ మన ప్రాంతమునకు మరింత దగ్గరిది. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానమున 185 మంది అభ్యర్థులు నిలువగా, వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపునకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావలెనని, పసుపు బోర్డు కావలెనని వారి కోరిక. నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైనది. కేంద్రము మద్దతు ధర ప్రకటించు పంటల జాబితాలో మాత్రము పసుపు లేదు. గిట్టుబాటు అనగా ఎంత? విత్తనము, ఎరువు, కూలి మొదలగు చెల్లింపులు ఒక లెక్క. దానిని ఎ2 అందురు. ఇంటివారు చేసిన కష్టమునకు వెల కట్టి కలిపినచో మరియొక లెక్క. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడిపై వడ్డీ కూడ చేర్చినది సి2. పచ్చి పసుపు ఎండి సుమారు అయిదవ వంతుకు దిగుననుటయు మరువరాదు. ధరను గూర్చి వాదించువారు వీనిలో ఏ లెక్క పలుకుచున్నారో పోల్చుకొనుటకు ఈ చదువు కావలెను.

ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు 2006లో ఏర్పడి డిచ్‌పల్లిలోనున్న తెలంగాణ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. ప్రవేశములు 2016 నుండి దోస్త్ పద్ధతిన జరుగుచున్నవి. ఇంటర్మీడియటులో సి.ఇ.సి. చదివినవారికి పద్దులు కొంత పరిచితములు; ఇతరులు తొలి సెమిస్టరున రోజుకొక గంట ఎక్కువ శ్రమింపవలెను. అంకణా, ఆస్తి అప్పుల పట్టీ అను తెలుగు మాటలతో నేర్చినవారు ట్రయల్ బ్యాలెన్స్, బ్యాలెన్స్ షీట్ అను ఆంగ్లపు పేర్లకు బెదరనక్కరలేదు, వస్తువు ఒక్కటే. మూడు నెలలు ట్యాలీ నేర్చిన చాలునను వారి మాట నమ్మదగినది కాదు. ఏ ఖాతాకు ఖర్చు వ్రాయవలెనో ట్యాలీ మనలను అడుగును గాని, మనకు చెప్పదు.

2017 జూలై 1 నుండి అమలులోనున్న సరుకుల, సేవల పన్నులో పచ్చి పసుపునకు పన్ను లేదు, ఎండు పసుపునకు 5 శాతము కలదు. కావున కొనుగోలుదారుల దుకాణములలో పద్దులు తెలిసినవారికి పని యున్నది. ఇంకను పైకి పోదలచిన వాణిజ్య పట్టభద్రులు 55 శాతము మార్కులున్నచో ఫౌండేషన్ పరీక్ష లేకయే చార్టర్డ్ అకౌంటెన్సీ ఇంటర్మీడియటులో చేరవచ్చును. అందలి ఆర్టికల్‌షిప్ గడువును 2023లో మూడేండ్ల నుండి రెండేండ్లకు తగ్గించిరి.