కదలు నీరు, బెండు, రొయ్య

గుంటూరు, నరసరావుపేట ప్రాంతములలో మిరప కల్లముల నడుమ పెరిగినవారికి గాలమనగా చెరువుగట్టు గాలమే. నిలిచిన నీటిలో ఎఱ్ఱను గ్రుచ్చి వేసి, బెండు మునుగువరకు ఓపికపట్టి కూర్చుండుట మనకు తెలిసిన విద్య. ఆ విద్యనే వెంటబెట్టుకొని మేము కొన్నేండ్ల క్రిందట బాపట్ల దాటి, సూర్యలంక చేరువనున్న ఒక ఉప్పుటేటి మొగకు వెళ్ళితిమి. మత్స్యకారుల జీవనముపై ప్రసంగమునకు విషయసేకరణ మా పని. గాలము మా సరదా. రెండు గంటలు గడచినను బెండు కదలలేదు. నీరు ఒడ్డుల నంటి నిండుగా నున్నది గనుక చేపలును నిండుగా నుండవలెనని మా లెక్క. వల ఆరవేసికొనుచున్న ఒక వృద్ధుడు మమ్ము చూచి నవ్వి, "నీళ్ళు నిలబడిపోయినయ్ గదా బాబూ, చేప ఎందుకొచ్చిద్ది? పాటు తియ్యనీయండి" అనెను. అర్ధగంటకు నీరు సముద్రమువైపు తిరిగెను. మరికొంతసేపటికి మా బెండు మునిగెను.

ఆ వృద్ధుడు చెప్పినది అక్షరాలా శాస్త్రము. కృష్ణా సంగమము మొదలు నిజాంపట్నము, సూర్యలంక, చీరాల ఓడరేవు, చినగంజాము మీదుగా కొత్తపట్నము వరకు గల ఈ తీరములో (2022లో బాపట్ల జిల్లా ఏర్పడిన పిదప ఇందు పెద్దభాగము ఆ జిల్లాలో చేరినది) సముద్రము రోజునకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తీయును. పొంగుట పోటు, తీయుట పాటు. ఒక పోటు మొదలు మరుసటి పోటునకు సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. కాబట్టి నేడు ఉదయము ఆరింటికి నిండిన ఏరు రేపు ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యముగా నిండును. అమావాస్య, పున్నమల చుట్టును పోటు పెద్దది, అష్టమి ప్రాంతమున చిన్నది. ఇందుకు వేరే పట్టికలు లేకున్నను ఇంటిలోని పంచాంగము చాలును. ఒక అమావాస్యనాడు మీరు చూచిన మొగ ఏ వేళకు నిండినదో వ్రాసియుంచుకొనుడు; రాబోవు పున్నమినాడు దాదాపు ఆ వేళకే నిండును.

నీటివేగము మాత్రము ఆరు గంటలును ఒకే తీరున నుండదు. నావికులకొక పాత లెక్క కలదు. నీటిమట్టము మొత్తము 96 సెంటీమీటర్లు మారు దినమున, మొదటి గంటలో 8, రెండవ గంటలో 16, మూడు, నాలుగు గంటలలో 24 చొప్పున, అయిదవ గంటలో 16, కడపటి గంటలో 8 సెంటీమీటర్లు మారునని స్థూలముగా చెప్పుదురు. అనగా నడిమి రెండు గంటలలోనే సగము నీరు ప్రయాణము చేయును. ఏటి లోపలికి పోయినకొలది ప్రవాహము తిరుగుట కొంత ఆలస్యమగును గనుక, గడియారమునకంటె నీటిపై తేలు ఎండుటాకును నమ్ముట మేలు.

ఆ కదలికతో చేపకేమి పని? ఇక్కడనే రొయ్య కథలోనికి వచ్చును. రొయ్య సముద్రములో గ్రుడ్లు పెట్టును. పిల్లలు పోటుతో ఉప్పుటేళ్ళలోనికి, మడ అడవుల వేళ్ళ నడుమకు చేరి, అక్కడ మేసి పెరిగి, మరల పాటుతో సముద్రమునకు తరలును. పాటువేళ మడచెట్ల నీడ విడిచి వచ్చు రొయ్యలును, చిరుచేపలును ఇరుకైన మొగగుండా పోక తప్పదు. పండుగప్ప ఆ మార్గమున కాచియుండును. అయినను అది ప్రవాహమున కెదురీది అలసిపోదు. ఇసుకదిబ్బ చాటునో, వంతెన కంబము వెనుకనో, వడినీరును మందనీరును ఒరసికొను గీత ప్రక్కనో నిలిచి, ఎర తన ముందునకు రాగానే ఒక్క ఉదుటున మ్రింగి మరల చాటునకు చేరును. మాగ చేపయు, గొరకయు, జెల్లయు ఈ విందునకు వచ్చునవే. నీరు నిలిచినప్పుడు వడ్డన నిలిచిపోవును.

కాబట్టి ఎర కూడ నీటితో ప్రయాణము చేయవలెను. బరువైన సీసముతో అడుగున కట్టివేసిన రొయ్య సహజముగా కనబడదు. బెండు చేయు పని రెండు విధములు: ఎరను కోరిన లోతున వ్రేలాడదీయుట, దానిని ప్రవాహముతో చేపయున్న చోటికి మోసికొనిపోవుట. చేప తాకినదని తెలుపుట మూడవది, అది మనకోసము. పెండ్లి బాసికములకు వాడు జీలుగుబెండే పూర్వము గాలమునకును పనికివచ్చెను. నెమలియీక కాడయు మంచిదే. సన్నని కాడ చిన్న తాకిడికే మునుగును గాని వడినీటిలో తగిన సీసమును మోయలేదు. అందుచే మొగలయందు కొంచెము లావుపాటి బెండును, దానికి తగిన సీసమును వాడి, బెండు కొన మాత్రమే పైకి కనబడునట్లు తూచవలెను.

ఈ తూకము ఇంటివద్ద మంచినీటి బకెట్టులో చేయువారు ఒక సంగతి గమనింపవలెను. బెండు మునిగిన భాగము 20 ఘనసెంటీమీటర్లయినచో మంచినీటిలో అది 20 గ్రాములను మోయును. సముద్రజలము దాదాపు రెండున్నర పాళ్ళు ఎక్కువ సాంద్రమైనది గనుక అక్కడ ఇరువదిన్నర గ్రాములు మోయును. ఆ అరగ్రాము సీసము చేర్చనిచో బెండు ఎత్తుగా నిలిచి, గాలికి ప్రక్కకు కొట్టుకొనిపోవును. వరదకాలమున ఏటిలో మంచినీరు కలియును గావున మరల తగ్గించుకొనవలసి వచ్చును.

ఇక లోతు. అడుగున మట్టి ఒరయుటచేత అక్కడి నీరు పైనీటికంటె మెల్లగా నడచును. వదలివేసిన బెండు ముందునకు పోవును, ఎర వెనుక ఈడ్వబడును. అప్పుడప్పుడు దారమును కొంచెము బిగబట్టినచో బెండు ఆగి, ఎర ముందునకు సాగి కొద్దిగా పైకి లేచును. పలుమారు చేప పట్టునది ఆ క్షణముననే. మరీ బిగబట్టినచో ఎర నీటిపైకే వచ్చును. పోటు పెరుగుకొలది లోతు పెరుగును, కావున గంటకొకసారియైనను బెండును సవరింపవలెను. కర్ర పొడవుకంటె లోతు ఎక్కువయైనచో బెండును దారముపై జారునట్లు విడిచి, కావలసిన చోట ఒక చిన్న ముడి వేసినచో చాలును.

రొయ్య వెనుకకు ఎగురు జంతువు. తోకను ముడిచి ఒక్క కొట్టు కొట్టి వెనుకకు దూకును. సజీవమైన రొయ్యను తలపై కొమ్ము మొదటనో, తోక చివరనో సన్నని ముల్లుతో గ్రుచ్చవలెను. తలలోపల నల్లగా కనబడు మచ్చకు ముల్లు తగిలినచో అది వెంటనే చచ్చును. ముల్లునకు పైన జానెడు రెండు జానల దారము సీసము లేక విడిచినచో రొయ్య స్వేచ్ఛగా ఆడును. చచ్చిన రొయ్యనైతే తోకనుండి పొడవునా ఎక్కించుట మంచిది. ముడుచుకొనియున్న రొయ్య నీటిలో గిరగిర తిరిగి దారమును మెలిపెట్టును.

ఎర విషయమున ఒక హెచ్చరిక చేయక తప్పదు. 1990 దశకమున ఈ తీరము పొడవునా రొయ్యల చెరువులు వెలసినవి. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చల వ్యాధి ఆంధ్రతీరపు చెరువులను తీవ్రముగా దెబ్బతీసెను. ఆ వ్యాధిక్రిమి మనుష్యులకు హాని చేయదు గాని, మంచుగడ్డలో పెట్టిన రొయ్యలోను బ్రదికియుండును. 2016 చివర ఆస్ట్రేలియాలోని లోగన్ నదీతీరపు చెరువులలో ఇది బయటపడినపుడు, వంటకై దిగుమతియైన పచ్చిరొయ్యను గాలపు ఎరగా వాడుట కారణమైయుండునని అనుమానించిరి. బజారున కొన్న చెరువు రొయ్య మిగిలినచో ఏటిలో పారవేయక ఒడ్డుకు దూరముగా పూడ్చిపెట్టుడు. ఎరకు ఆ ఏటిలో పట్టిన రొయ్యయే శ్రేష్ఠము. చేపయు దాని నెరుగును.

పండుగప్ప మొదట మగదై, పెరిగిన పిదప ఆడదగును. మిక్కిలి పెద్ద చేప దొరికినచో అది తల్లియేయని యెంచి విడిచిపెట్టుట మాకు న్యాయముగా తోచును. దాని చెక్కిలి మూత అంచు కత్తివలె కోయును, పట్టుకొనుటలో జాగ్రత్త. జెల్లముల్లు గ్రుచ్చుకొన్నచో ఓర్వగలిగినంత వేడినీటిలో చేయి ముంచిన బాధ తగ్గును. తగ్గనిచో వైద్యునికడకు పోవలెను.

మొగలోని ఇసుకదిబ్బపై నిలుచువారు చేపకంటె ముందు వెనుకవైపు నీటిని చూడవలెను. పాటున నడచి వచ్చిన దారి పోటున రొమ్ములోతగును, అందును నడిమి రెండు గంటలలో. 1977 నవంబరు 19న చీరాల చేరువ తీరము దాటిన తుపానును మరువని ఇండ్లు ఇప్పటికిని ఈ ప్రాంతమున గలవు. రేడియోలో మత్స్యకారులకు హెచ్చరిక వినబడిన దినమున గాలపుకర్ర ఇంటిమూలనే యుండవలెను.

చివరగా, తరచు మమ్మడుగు ప్రశ్న ఒకటి. ఏటిలో కత్తిపరిగలు కళ్ళెదుట ఎగురుచుండగా రొయ్యకు ఒక్కటియు తగులదేమని. ఆ చేప బురదపై నాచును, కుళ్ళిన ఆకుపొడిని మేయునది. దానికి రొయ్య కంటికానదు. ముద్దచేసిన పిండిని చిన్న ముల్లునకు పెట్టి చూడుడు.