ఆసులున్నా... ఆట మనది కాదు!

చేతిలో రెండు ఆసులు. పోకర్‌లో అంతకు మించిన ఆరంభం లేదు. ఎదుట ఒక్కరే ఉంటే గెలుపు చాలావరకూ మనదే. మరి, తొమ్మిది మంది ఉంటే?

అది 2010. లాస్‌వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ. 7,319 మందితో మొదలైన ఆటలో చివరికి పదిహేను మంది మిగిలారు. అమెరికా యువకుడు మాట్ ఆఫ్లెక్ చేతిలో రెండు ఆసులు. ఎదుట కెనడాకు చెందిన జొనాథన్ డుహామెల్ దగ్గర రెండు జాకీలు. తిప్పాల్సింది ఇక ఒకే ఒక్క ముక్క. ఆఫ్లెక్ గెలిచే అవకాశం 77 శాతం. తన దగ్గరున్నదంతా పందెం ఒడ్డేశాడు. వచ్చిన ముక్క... ఎనిమిది! అంతే, డుహామెల్‌కు ఎనిమిది నుంచి రాణి దాకా వరస కుదిరింది. ఆఫ్లెక్ కన్నీళ్లతో బయటికి నడిచాడు. డుహామెల్ ఆ ఏడాది విజేతగా నిలిచి 89 లక్షల డాలర్లు అందుకున్నాడు.

అక్కడ ఆసులకు ఎదురు నిలిచింది ఒక్కడే!

ఆట ఇదీ...

పోకర్‌లో ఎక్కువ మంది ఆడేది టెక్సాస్ హోల్డెమ్. ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు పంచుతారు. అవి ఎవరివి వారికే తెలుసు. బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖరున మరొకటి. మొత్తం ఏడింటిలో మేలైన ఐదు ఎవరివైతే పందెం వారిది. ముక్కలు తెరిచే ప్రతిసారీ పందెం పెంచొచ్చు, లేదా మన రమ్మీలో డ్రాప్ అయినట్టు తప్పుకోవచ్చు.

రెండు ఆసులు రావడం సగటున 221 పంపకాల్లో ఒక్కసారే. అందుకే అవి చేతికందగానే గుండె వేగం పెరుగుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. ఎదుటివాళ్ల ముక్కలు ఏవైనా కావచ్చు, అందరూ చివరిదాకా ఉంటారు అనుకుందాం. ఒక్కరే ఉంటే ఆసులు గెలిచే అవకాశం 85 శాతం. ఇద్దరుంటే 73. ముగ్గురుంటే 64. నలుగురుంటే 56. ఐదుగురైతే సగం కన్నా తక్కువ... 49. తొమ్మిది మంది ఉంటే 31 శాతమే! చలిచీమలకు చిక్కిన పాము సంగతి మనకు తెలిసిందేగా!

కారణం పెద్ద చిక్కుముడేం కాదు. ఆసుల జత చాలాసార్లు చివరిదాకా జతగానే ఉండిపోతుంది. దాన్ని ఓడించడానికి ఎవరికో ఒకరికి రెండు జతలో, ఒకే అంకె ముక్కలు మూడో, వరసో పడితే చాలు. ఒక్కొక్కరికీ ఆ అవకాశం తక్కువే. కానీ ఆడేవాళ్లు పెరిగేకొద్దీ ఆ చిన్న అవకాశాలన్నీ ఒకచోట చేరతాయి. మిగతా జతల పరిస్థితి ఇంకా కష్టం. చేతిలో రెండు రాజులున్నా, బల్లమీద తెరిచే తొలి మూడు ముక్కల్లో ఆసు కనిపించే అవకాశం 23 శాతం. రాణులైతే ఆసో, రాజో కనిపించే అవకాశం 41 శాతం. ఎదుట నలుగురుంటే అది ఎవరికో ఒకరికి పనికి రాకుండా ఉంటుందా?

అనుభవజ్ఞుల దారి

అందుకే అనుభవజ్ఞులు మంచి జత రాగానే మొదట్లోనే పందెం పెంచుతారు. చవగ్గా ముక్కలు చూద్దామనుకునేవాళ్లను తప్పించి, ఒకరిద్దరితోనే తేల్చుకోవాలని చూస్తారు. అయినా నలుగురైదుగురు నిలబడి, బల్లమీద వరసకు దగ్గరగా ముక్కలు పడి, ఎవరో గట్టిగా పెంచితే... ఆసుల్ని సైతం కింద పెట్టేస్తారు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. పదిమంది తలా వంద వేశారనుకోండి. పందెం వెయ్యి. అందులో ఆసుల వాటా సగటున 310. అంటే పెట్టిన వందకు మూడింతలు! ఒక్కరితోనే ఆడితే వచ్చేది 170. సగటు లెక్కలో ఎక్కువ మంది ఉండటమే లాభం. కానీ అదే ఆటలో పదికి ఏడుసార్లు ఓటమి! సగటు ఫలించాలంటే వందలసార్లు ఓపిక పట్టాలి, అన్నాళ్లూ చేతిలో డబ్బుండాలి. నెల జీతంతోనో, పిల్లల ఫీజు డబ్బుతోనో కూర్చున్నవాడికి అంత వ్యవధి ఎక్కడిది? ‘ఇంత మంచి ముక్కలొచ్చాక ఓడతానా’ అన్న ధీమా చెత్త ముక్కలకన్నా ప్రమాదం.

చట్టం ఏమంటోంది?

సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు, రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అంది. మూడు ముక్కలాటను మాత్రం అదృష్టం ఖాతాలో వేసింది. పోకర్ ఏ ఖాతాలోకి వస్తుందన్న వాదన చాలాకాలం నడిచింది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా అలాంటి ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది.

పండక్కి ఇంటిల్లిపాదీ చింతగింజలు పెట్టుకుని ఆడుకుంటే ఎవరికీ నష్టం లేదు. పైగా ఓ పాఠం ఉచితం. చెడ్డ ముక్కలొస్తే పేక కింద పెట్టడం ఎవరికైనా వచ్చు. మంచి ముక్కల్ని కింద పెట్టగలగడమే అసలైన ఆట!